స్లీవ్ ఆపరేషన్ తర్వాత రాత్రిళ్ళు ఛాతీలో మంట: మాత్ర డోసు పెంచే ముందు గడియారం చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెప్తాను, పొరపాటుంటే దిద్దండి. స్లీవ్ ఆపరేషన్, అంటే బరువు తగ్గడానికి జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్, అయి ఏడు వారాలైంది. పగలు పెద్దగా ఇబ్బంది లేదు. రాత్రి పడుకున్న గంటకో గంటన్నరకో ఛాతీలో మంట మొదలై, గొంతులోకి పుల్లటి నీళ్ళు వస్తున్నాయి. రెండుసార్లు నిద్రలో పొలమారి, దగ్గుతూ లేచి కూర్చున్నారు. యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు రోజూ రాత్రి భోంచేశాక వేసుకుంటున్నారు. లోపల కుట్లు వదిలాయేమోనన్న భయం ఒకటి, డోసు రెట్టింపు చేసుకోవచ్చా అన్న ప్రశ్న ఒకటి.

నేను డాక్టర్ని కాను. ఆరేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ చేయించుకుని, పదకొండు నెలలు ఈ మంటతో కాపురం చేసినవాణ్ణి. ఆ తర్వాత నుంచి కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళతో కూర్చుని మాట్లాడే పని పెట్టుకున్నాను. అలా నా ఒక్కడి కడుపు కథే కాకుండా చాలామంది కడుపుల కథలు విన్నాను. మంట ఎంతుందో అందరూ వర్ణించి చెప్తారు. ఏ వేళకు వస్తుందో మాత్రం గుచ్చి అడిగితే తప్ప చెప్పరు. అసలు ఆనవాలు ఆ వేళలోనే ఉంటుంది. మీరు అడగకుండానే చెప్పారు కాబట్టి సగం పని అయిపోయింది.

ముందు భయం సంగతి తేల్చేద్దాం. కుట్ల దగ్గర లీక్ అయితే అది రాత్రి మంటగా వచ్చి పొద్దున్నకు సర్దుకుపోయే రకం కాదు. జ్వరం, ఊరికే కూర్చున్నా నిమిషానికి 120 దాటే నాడి, గంటగంటకూ పెరిగే కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఇలా ఉంటుంది. ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లోనే బయటపడుతుంది. పగలంతా మామూలుగా తిరుగుతున్న మీకు ఆ పోలికలు కనబడటం లేదు. అయినా వీటిలో ఏ ఒక్కటి వచ్చినా మెసేజ్ పెట్టి జవాబు కోసం చూడకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. నల్లగా తారులాంటి విరేచనం, వాంతిలో రక్తం, మంచినీళ్ళు కూడా నిలవకపోవడం కూడా అదే కోవలోకి వస్తాయి. చెమటలతో ఛాతీ పట్టేసి, నొప్పి దవడకో చేతికో పాకితే అది గ్యాసే అని ఎవరెంత ధైర్యం చెప్పినా నమ్మవద్దు. గుండె పరీక్ష అయ్యాకే గ్యాస్ సంగతి.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే ఒంట్లో థయమిన్, అంటే బి1 విటమిన్, త్వరగా అడుగంటుతుంది. చూపు రెండుగా కనబడటం, నడకలో తూలడం, మాట తికమకపడటం దాని గుర్తులు. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ. డ్యూటీలో ఉన్న డాక్టరుకు మీరు బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్ అయిన) పేషెంటని తెలియకపోవచ్చు. కాబట్టి "నాకు స్లీవ్ అయింది, ఇన్ని రోజులుగా వాంతులు, థయమిన్ ఇచ్చారా?" అని మీరో మీ ఇంట్లోవాళ్ళో నోరు తెరిచి అడగాలి.

ఇప్పుడు మంట ఎందుకు వస్తుందో చెప్తాను. ఇది తెలిస్తే మిగతా జాగ్రత్తలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వాటంతటవే తడతాయి. మామూలు జీర్ణాశయం ఒక సాగే సంచి. పై భాగం తిండి వచ్చేకొద్దీ వదులై చోటిస్తుంది, దాదాపు లీటరు పైనే పడుతుంది. స్లీవ్‌లో ఆ సాగే పక్కనంతా కోసి తీసేస్తారు, మొత్తం మీద ముప్పాతిక భాగం దాకా పోతుంది. మిగిలేది అరటిపండంత గొట్టం, 100 నుంచి 150 మిల్లీలీటర్లు. సాగదు. కింద పైలోరస్ అనే కవాటం ఎప్పటిలాగే బిగువుగా ఉంటుంది. పైన అన్నవాహిక చివర ఉండే బిగింపు మాత్రం, దాని పక్క కండరపు పోగులు కోతలో కొంత దెబ్బతిని కాస్త బలహీనపడుతుంది. సన్నటి గొట్టం, కింద గట్టి తలుపు, పైన వదులు తలుపు. ఒత్తిడి పెరిగితే సరుకు ఏ దిక్కుకు పోతుందో వేరే చెప్పాలా? అందుకే ఈ మంటలో యాసిడ్ పాలు ఎంతో ఒత్తిడి పాలూ అంతే. యాసిడ్‌ని మాత్ర తగ్గిస్తుంది. ఒత్తిడిని ఏ మాత్రా తగ్గించదు.

దీనికి తోడు మొదటి రెండు మూడు నెలలు లోపల వాపు ఉంటుంది, గొట్టం ఇంకా ఇరుకుగా ప్రవర్తిస్తుంది. వాపు తగ్గి, పొట్ట చుట్టూ కొవ్వు కరిగేకొద్దీ చాలామందికి మంట దానంతటదే నెమ్మదిస్తుంది. అందరికీ అలా జరగదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

మీ మాత్ర దగ్గరకు వస్తున్నాను. నేను చేసిన తప్పే మీరూ చేస్తున్నారు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ అన్నీ ఒక కుటుంబం. జీర్ణాశయం గోడలో యాసిడ్ తోడే పంపులుంటాయి. ఈ మందు పనిచేస్తున్న పంపుని మాత్రమే పట్టి ఆపగలదు, పడుకున్న పంపుని ఏమీ చేయలేదు. పంపుల్ని లేపేది తిండి. అంటే తిండి లోపలికి వెళ్ళే సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. అందుకే తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు, పరగడుపున వేసుకోమంటారు. తిన్నాక వేసుకుంటే చాలా పంపులు మందుకు అందకుండానే పోతాయి, మందు కూడా రక్తంలో గంటో రెండు గంటలో మించి ఉండదు. నాకు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో "రోజుకు ఒకటి" అని మాత్రమే ఉంది. ఎప్పుడని రాయలేదు, నేనూ అడగలేదు. రెండు నెలలు భోజనమయ్యాక, అదేదో తాంబూలం అన్నట్టు వేసుకున్నాను. మందు పనిచేయడం లేదని రెండుసార్లు మార్పించుకున్నాను కూడా. వేళ మార్చాక నాలుగో రోజుకు తేడా తెలిసింది. పూర్తి ప్రభావానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఒక్కరోజు వేసి తీర్పు చెప్పకండి.

కాబట్టి డోసు సంగతి తర్వాత. ముందు ఉన్న మాత్రనే సరైన వేళకు మార్చమని మీ సర్జన్‌ని అడగండి. మీ ఇబ్బంది అంతా రాత్రి కనుక, సాయంత్రం తిండికి ముందు వేసుకోమనవచ్చు, లేదా రెండు పూటలా రాయవచ్చు. అది వాళ్ళు తేల్చాలి. పడుకునేటప్పుడు ఫామోటిడిన్ అనే ఇంకో రకం యాసిడ్ మాత్ర జోడించడం కూడా ఒక పద్ధతే, కానీ రోజూ వాడితే కొద్ది వారాల్లో ఒళ్ళు దానికి అలవాటుపడి పట్టు సడలుతుంది. సీసాలో వచ్చే జెల్ యాంటాసిడ్ అప్పటికప్పుడు ఉపశమనం ఇస్తుంది, అంతవరకే. ఆల్జినేట్ ఉన్న రకమైతే పైన నురుగు తెప్పలా తేలి కొంత అడ్డుకట్ట వేస్తుంది, తిన్న తర్వాతా పడుకునే ముందూ తీసుకుంటారు. యాంటాసిడ్‌కీ మీ ఐరన్, థైరాయిడ్ మాత్రలకీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి, కలిపి వేసుకుంటే ఆ మాత్రలు ఒంటికి పట్టవు. ఒక్క మాట: మాత్ర మింగడం కష్టంగా ఉందని పాంటోప్రజోల్‌ని నూరి వేసుకోకండి. దాని పై పొర యాసిడ్ నుంచి మందును కాపాడటానికే ఉంది. మింగలేకపోతే తెరిచి వేసుకోదగ్గ క్యాప్సూల్ రకం రాయించుకోండి.

రెండోది పడక. ఇది మందుతో సమానం అంటాను, ఎవరైనా కొట్టిపారేసినా సరే. తల కింద రెండు మూడు దిండ్లు పేర్చుకుంటున్నారా? మానేయండి. దిండ్లు మెడని వంచుతాయి, నడుము దగ్గర మడత పడేస్తాయి, పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎత్తాల్సింది మంచాన్ని. తలవైపు కాళ్ళ కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల దిమ్మెలు పెట్టండి. లేదా నడుము నుంచి తల దాకా వాలుగా ఉండే గట్టి వెడ్జ్ దిండు వాడండి. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. కడుపు వంపు ఉన్న తీరు వల్ల ఎడమకు తిరిగితే అన్నవాహిక మట్టం పైన ఉంటుంది, కుడికి తిరిగితే కిందికి వస్తుంది. స్లీవ్ తర్వాత ఆకారం మారినా చాలామందికి ఎడమే హాయి. మీకు కాకపోతే మీ ఒళ్ళే చెప్తుంది. నేను మొదటి వారం వీపు వెనక ఒక పొడుగు దిండు అడ్డం పెట్టుకుని పడుకునేవాణ్ణి, నిద్రలో కుడికి దొర్లకుండా.

ఆఖరి ముద్దకీ పడకకీ మధ్య మూడు గంటలు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. భోజనం ఏడింటికే ముగించి, పదింటికి ప్రొటీన్ షేక్ తాగి, అది తిండి కాదనుకుంటారు. కడుపుకు ఆ తేడా తెలియదు. ఈ వారాల్లో రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్, లీటరున్నర దాకా నీళ్ళు పూర్తి చేయాలన్న ఒత్తిడి ఉంటుంది కదా, పగలు మిగిలిపోయిందంతా రాత్రి లాగించాలనిపిస్తుంది. మీది కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం. పగలు బాగానే ఉండి రాత్రే మంట వచ్చేవాళ్ళలో చాలామందిని కదిలిస్తే చివరికి ఏదో ఒకటి పడుకునే ముందు తాగుతున్నట్టు బయటపడింది. ఆ లెక్కను పొద్దున్నకు జరపండి. లేచిన రెండు గంటల్లోనే మొదటి షేక్, పావు లీటరు పైన నీళ్ళు గుక్కగుక్కగా పూర్తయితే సాయంత్రం తొందర ఉండదు. ఒకరోజు ప్రొటీన్ 10 గ్రాములు తగ్గినా మునిగిపోయేదేమీ లేదు. రోజూ నిద్ర పోగొట్టుకోవడం అంతకంటే చెడ్డది.

తినే తీరు గురించి మీ డైటీషియన్ చెప్పే ఉంటారు కాబట్టి పొడిగించను. చిన్న ముద్ద, బాగా నమిలి, 20 నుంచి 30 నిమిషాలు. తింటూ తాగొద్దు, తిన్నాక అరగంట ఆగండి. నిండినట్టు అనిపించకముందే ఆపాలి. ఎక్కిళ్ళు, ముక్కు కారడం, ఛాతీ మధ్యలో బిగింపు కొందరికి కడుపు చేసే మొదటి సైగలు. ఆ సైగ దాటి ఇంకో ముద్ద పెట్టారా, పైకి రావడం ఖాయం. సోడా డ్రింకులు, మద్యం, పొగ వద్దు. కాఫీ, చాక్లెట్, పిప్పర్‌మెంట్, పుల్లటి పళ్ళ రసాలు, టమాటా, కారం, నూనె ఎక్కువున్నవి, ఇవన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నా అందరికీ అన్నీ పడకుండా పోవు. అన్నిటినీ ఒకేసారి మానేసి కడుపు మాడ్చుకోవడం కంటే రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి: ఏం తిన్నారు, ఎన్నింటికి, ఎన్నింటికి పడుకున్నారు, మంట ఎన్నింటికి. పరీక్షల కాగితాల కట్టకంటే ఆ రెండు పేజీలు డాక్టరుకు ఎక్కువ పనికొస్తాయి.

వేళను బట్టి ఏం తెలుస్తుందో నేను చూసినవి చెప్తాను. ఒకామెకు రోజూ సాయంత్రం నాలుగింటికే మంట. తిండిలో ఎంత వెతికినా దొరకలేదు. మూడున్నరకు ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే కాసేపు వాలేవారట. మాత్ర గొట్టంలో ఆగి కరిగితే అది చేసే మంట వేరే చెప్పక్కర్లేదు. ఒకాయనకు తింటుండగానే మంట. పన్నెండు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ చేసేవాడు, అదీ సంగతి. ఇంకొకరికి పొద్దున్న పదకొండింటికి కడుపులో రగులుతున్నట్టుండి ఆకలనుకుని బిస్కెట్లు తినేవారు. తిన్న పది నిమిషాలు హాయి, తర్వాత మళ్ళీ అదే. యాసిడ్ ఎక్కువైతే అచ్చం ఆకలిలా అనిపిస్తుంది. ఇలా మంటను తిండితో ఆర్పుకుంటూ తగ్గిన బరువు తిరిగి తెచ్చుకున్నవాళ్ళున్నారు. అనుమానమైతే ముందు నాలుగు గుక్కలు నీళ్ళు తాగి పావుగంట చూడండి.

బైపాస్ అయినవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకొక మాట. గుండె బైపాస్ కాదు, జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకు కలిపే మరో బరువు తగ్గే ఆపరేషన్. మామూలు బైపాస్‌లో సంచి చాలా చిన్నది, యాసిడ్ కొద్దిగానే ఊరుతుంది కాబట్టి మంట అరుదుగా రావాలి. వస్తే అది సంచిని పేగుకు కలిపిన అతుకు దగ్గర పుండు కావచ్చు. పొగతాగడం, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు దానికి ప్రధాన కారణాలు. స్లీవ్ వాళ్ళు కూడా ఆ నొప్పి మాత్రలకు దూరంగా ఉంటేనే మంచిది, తలనొప్పికో ఒళ్ళునొప్పులకో పారాసెటమాల్ సరిపోతుంది. బైపాస్‌లోనే ఇంకో రకమైన మినీ బైపాస్ అయినవాళ్ళకు పుల్లగా కాకుండా చేదుగా, పచ్చగా పైకి వస్తే అది పైత్యరసం. దానికి యాసిడ్ మాత్రలు ఎన్ని మింగినా దండగే, సర్జన్‌కు ఆ రంగూ రుచీ చెప్పాలి.

మీ విషయానికి వస్తే, ఈ మార్పులన్నీ చేసి రెండు మూడు వారాలు చూడండి. పొలమారడం మాత్రం అంతదాకా ఆగే విషయం కాదు, ఈ వారమే ఫోన్ చేసి చెప్పండి, ఎందుకంటే ఆ పుల్లటి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు. ద్రవాలు కూడా దిగకుండా తిరిగి వస్తున్నా, రోజూ నురగ నురగగా వాంతి అవుతున్నా గొట్టం మధ్యలో ఎక్కడో ఇరుకైందో మెలిపడిందో అయ్యుంటుంది. మందు తాగించి తీసే ఎక్స్‌రేలో, ఎండోస్కోపీలో అది తెలుస్తుంది. ఇరుకైతే చాలాసార్లు లోపలికి బెలూన్ పంపి సాగదీస్తారు, మళ్ళీ కోత ఉండకపోవచ్చు. హయాటల్ హెర్నియా, అంటే పొట్ట పై భాగం ఛాతీలోకి జారడం ఉందా అని కూడా చూడమనండి. ఆపరేషన్ ముందు ఎండోస్కోపీ చేసి ఉంటే ఆ రిపోర్టు వెతికి తీసుకెళ్ళండి. ముందు నుంచీ ఉన్నదా కొత్తదా అన్నది దానితో తేలిపోతుంది.

నిజం దాచి లాభం లేదు కాబట్టి అంకెలు కూడా చెప్తాను. ఫిన్లాండ్‌లో స్లీవ్‌నూ బైపాస్‌నూ పోల్చి చూసిన స్లీవ్‌పాస్ అధ్యయనం పదేళ్ళ ఫలితాలు 2022లో వచ్చాయి. అన్నవాహికలో పుండ్లు, వాపు స్లీవ్ వాళ్ళలో 31 శాతం మందికి కనబడితే బైపాస్ వాళ్ళలో 7 శాతం. భయపడుతూ వచ్చిన బ్యారెట్స్ మార్పు, అంటే అన్నవాహిక లోపలి పొర మారిపోయి ముందుముందు క్యాన్సర్‌కు దారితీయగల స్థితి, రెండిట్లోనూ 4 శాతమే. అయినా పుండ్లు, వాపు స్లీవ్‌లోనే ఎక్కువ కాబట్టి స్లీవ్ అయినవాళ్ళు మంట లేకపోయినా ఎండోస్కోపీని మరిచిపోకూడదు. ఏడాదికి ఒకటి, ఆపైన రెండు మూడేళ్ళకొకటి అన్నది ఎక్కువగా వినబడే సలహా. మంట తెలియకుండానే లోపల దెబ్బతినేవాళ్ళుంటారు. మానని పొడి దగ్గు, బొంగురు గొంతు, గొంతులో ఏదో అడ్డుపడినట్టుండటం కూడా రిఫ్లక్స్, అంటే ఇలా యాసిడ్ పైకి ఎగదన్నడం, వేసే వేషాలే.

మందు ఎన్నాళ్ళు అంటారా? ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు నెలలు రాయడం మామూలే. ఆపేటప్పుడు ఒక్కసారిగా ఆపితే అణిగి ఉన్న పంపులన్నీ ఒక్కపెట్టున లేచి, పాత మంట కంటే ఎక్కువ మంట రావచ్చు. దాన్ని చూసి జీవితాంతం ఇక ఇంతేనని బెంగపడకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఏళ్ళ తరబడి వాడాల్సి వస్తే బి12, ఐరన్, మెగ్నీషియం పరీక్షలు చేయిస్తూ ఉండాలి. కాల్షియం కార్బొనేట్‌కు బదులు సిట్రేట్ రకం అడగండి, దానికి యాసిడ్ సాయం అక్కర్లేదు. ఇంతా చేసినా మంట లొంగకపోతే స్లీవ్‌ను బైపాస్‌గా మార్చే ఆపరేషన్ ఉంది. ఏడో వారంలో దాని గురించి ఆలోచించే పనే లేదు. నాకు కూడా ఆ మాట వచ్చింది. పదకొండో నెలలో మంట సద్దుమణగడంతో అక్కడికే ఆగింది.

ఒక చిన్న విషయం మరిచాను. పుల్లటి నీళ్ళు వచ్చిన వెంటనే పళ్ళు తోముకోకండి, యాసిడ్‌కు మెత్తబడిన ఎనామెల్ అరిగిపోతుంది. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగండి. ఇవాళ రాత్రి మంచం కాళ్ళ కింద దిమ్మెలు పెట్టి, ఆఖరి షేక్ ఎన్నింటికి తాగారో, మళ్ళీ మంట ఎన్నింటికి వచ్చిందో రాసుకోండి. నాలుగు రోజుల తర్వాత ఆ వేళలు ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.